స్వావా ఈవార్స్‌దోత్తిర్, నటి

“స్వావా, కింద ఎవరో ఒకావిడ నీకోసం వచ్చింది. పేరేమిటంటే నీ పేరే చెబుతోంది. తాగి వచ్చిందేమో అనుకున్నా. వాసనైతే రావట్లేదు,” అన్నాడు గేటు దగ్గరుండే కౌరి, మేకప్ గది తలుపు సందులోంచి తల పెట్టి.

అద్దం ముందు కూర్చున్న స్వావా చేతిలో పౌడరు కుంచె ఆగిపోయింది.

“ఈవార్స్‌దోత్తిరేనా?”

“అచ్చం అదే. అకురేరి నుంచట. ఈ మంచులో బస్సెక్కి వచ్చింది మహాతల్లి.”

వెనక నిలబడి విగ్గు సర్దుతున్న ఫ్యోలా నవ్వింది. “ఈవార్‌లు ఊరికి పదిమంది. వాళ్ళ కూతుళ్ళలో ఒక స్వావా ఉండదా ఏం? రమ్మను, కాఫీ పోద్దాం.”

“ఆట అయ్యాక చూద్దాంలే,” అంది స్వావా.

“నేనూ అదే చెప్పా. వినదే! నిన్న రేడియోలో నీ మాటలు విందట. సన్మానంలో నువ్వు మళ్ళీ ఆ అకురేరి నాటకం కథ చెప్పకముందే మాట్లాడాలట.”

స్వావా ముఖం మీద పౌడరు ఉంది కాబట్టి సరిపోయింది.

ఆ సాయంత్రం నాటకం అయ్యాక వేదిక మీదే ఆమెకు సన్మానం. మంత్రి వస్తున్నాడు. టీవీ వాళ్ళు అప్పుడే తీగలు లాగుతున్నారు.

నటి కాకముందు స్వావా చేపల ఫ్యాక్టరీలో పనిచేసేది. కింది నుంచి వెలుగు పడే లైటు బల్ల మీద కాడ్ చేప ముక్కలు పరిచి, వాటిలోంచి పురుగులు ఏరడం ఆమె పని. ఒకరోజు తానుంటున్న ఇంట్లో ఫోన్ మోగింది.

“స్వావా ఈవార్స్‌దోత్తిరేనా? అకురేరి కాలేజీ నాటకంలో గుడ్డి ముసలమ్మగా వేసింది నువ్వే కదా? దర్శకుడు బ్రాగి నిన్ను చూశాడు. రేపు థియేటర్‌కి రాగలవా?”

స్వావా అకురేరి మొహం చూడలేదు. వేదిక మొహమూ చూడలేదు. ఇంటిపేర్లు లేని దేశం; తండ్రి పేరుకు, కూతురని చెప్పే ‘దోత్తిర్’ తగిలించుకోవడమే. ఫోన్ పుస్తకంలో ఊరూరికీ సొంత పేర్ల వరసే. పాపం, ఫోన్ చేసినవాడు అకురేరి పుట తిప్పబోయి తానుండే రేక్యావిక్ పుట తిప్పాడు కాబోలు అనుకుంది. తన చేతులు వాసన చూసుకుంది. ఎన్ని సబ్బులు రుద్దినా పోని చేప వాసన.

“నేనే,” అంది.

ఆ నాటకంలో ముసలమ్మ మొహం నిండా రంగు, కళ్ళకు గంతలు. బ్రాగికి అసలు మొహం తెలియదు. మర్నాడు థియేటర్‌లో స్వావా అతని ముందు ఒక పేజీ చదివింది. “గొంతు మారింది. ఇదే బాగుంది,” అన్నాడు.

అంతే. ఆ తర్వాత రాణులు వేసింది, తాగుబోతు తల్లులు వేసింది. సినిమాలో నడుములోతు చలి నీళ్ళలో నిలబడి, తిరిగిరాని పడవ కోసం కేకలు పెట్టింది. ఆ కేక విని దేశం దేశమంతా ఏడ్చింది. చప్పట్లు మోగిన ప్రతిసారీ స్వావాకు మాత్రం, ఎవరి ఇంట్లోనో దూరి వాళ్ళ అన్నం తింటున్నట్టే ఉండేది.

మానేద్దామనుకుంది. మానేస్తే ఎందుకని అడుగుతారు. బ్రాగికి చెప్పేద్దామనుకుంది. ఈలోపు అతను పోయాడు. నాటక బృందం అకురేరి వైపు ఉత్తరాది ఊళ్ళకు బయలుదేరిన ప్రతిసారీ ఆమెకు జ్వరం వచ్చేది. ఊరంతా చేరి కబుర్లు చెప్పుకునే వేడినీళ్ళ కొలనుకు వెళ్ళడం మానేసింది. ఎవరు పలకరించినా మొదటి మాట “నువ్వెవరి తాలూకు?” అనే ఈ దేశంలో, ఆ ప్రశ్నకు భయపడి బతకడమంటే మాటలు కాదు. కట్టుకున్నవాడు కూడా “నువ్వు ఇంట్లోనూ వేషం తీయవు” అని వెళ్ళిపోయాడు.

“పిలవనా, పొమ్మననా?” అన్నాడు కౌరి.

“పిలువు. ఫ్యోలా, నువ్వు కాసేపు బయట ఉండు.”

“విగ్గు సగమే పెట్టాను!”

“సగం చాలు.”

వచ్చినావిడ పొట్టిగా ఉంది. తడిసిన బూట్లు గుమ్మం బయటే విడిచి, ఉన్ని మేజోళ్ళతో లోపలికి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“గుడ్డి ముసలమ్మ నువ్వేగా?” అంది స్వావా.

“నేనే.” ఆవిడ తలెత్తలేదు. “నిన్న రేడియోలో విన్నాక నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళుగా నా నాటకం గురించి నువ్వు చెప్పుకుంటున్నావని నాకు...”

“ఆగు. ముందు నన్ను చెప్పనీ.” స్వావా లేచి నిలబడింది. “ఆ ఫోన్ నీకు రావలసింది. పొరపాటున నాకొచ్చింది. తెలిసే నేనే అన్నాను. ఈ అద్దం, ఈ గది, ఇవాళ ఇచ్చే ఆ పతకం, ఏదీ నాది కాదు. దాచీ దాచీ నాకు ఊపిరాడట్లేదు. ఇవాళ అందరి ముందూ చెప్పేస్తాను. నువ్వు పక్కన నిలబడితే చాలు. తర్వాత నన్నేం చేసినా సరే.”

బయట నాటకం మొదటి గంట మోగింది.

వచ్చినావిడ స్వావా చేయి గట్టిగా పట్టుకుంది. ఆవిడ వేళ్ళు మంచులా ఉన్నాయి.

“పొరపాటు కాదు స్వావా, ఆ ఫోన్ ముందు నాకే వచ్చింది, పెద్ద వేదికంటే హడలిపోయి, ఫోన్ పుస్తకంలో నీ పేరు వెతికి, ‘ఆ అమ్మాయిని నేను కాదు, ఆమె రేక్యావిక్‌లో ఉంటుంది’ అని నీ నంబరు చెప్పి నిన్ను ఇందులో ఇరికించింది నేనే!”