నూనె కారిన సంచి

విజయ్ అంబాసిడర్ బానెట్ ఎత్తి, ఇంజిన్ మీదున్న నల్ల డబ్బాను ఊడదీసి గోడ పక్కకు విసిరేశాడు.

చిన్న కుండంత ఇనుప డబ్బా. అడుగున నూనె, ఆ నూనెలో పేరుకున్న ఎర్రమట్టి.

బండితోనే వచ్చిన సామాను ఎందుకు తీస్తున్నావని అతని భార్య సరోజ అడిగింది.

"గాలి వడకట్టే డబ్బా అది. ముసలి సామాను. గిది చూడు" అంటూ పార్సిల్‌లో వచ్చిన కొత్త ఫిల్టర్ చూపించాడు. ఎర్రగా, గరాటులా మెరుస్తోంది. ఇది బిగిస్తే పెళ్లికొడుకులు బానెట్ ఎత్తించి మరీ ఫొటోలు దిగుతారట.

సరోజ ఏడో తరగతితో బడి మానేసిన మనిషి, ఇంజిన్ల సంగతి ఏం చెబుతుంది? ఆమెకు తెలిసింది ఒక్కటే. తన ఒంటిమీది బంగారం ఆ పాత కారుగా మారింది. అది నాగర్‌కర్నూల్ చుట్టుపక్కల పెళ్లి బరాత్‌లకు తిరిగితేనే ఇల్లు గడుస్తుంది.

డబ్బా పాత ఇనుప సామాన్లవాడి బండెక్కింది.

పది రోజుల తర్వాత ఒక ముసలాయన వీధిలోకి వచ్చాడు. మాసిన ధోతి, భుజాన గోనెసంచి.

విజయ్ కారు స్టార్ట్ చేసి, ఇంజిన్ వేడెక్కేదాకా అలాగే వదిలి లోపలికి వచ్చాడు. ముసలాయన ఎదురింటి గోడ దగ్గర నిలబడి, కళ్లు మూసుకుని, తల ఒక పక్కకు వంచాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

కిటికీలోంచి సరోజ చూస్తూనే ఉంది. మూడేళ్ల కూతురు గీత గడప మీద ఒక్కతే ఆడుకుంటోంది.

సంచులు వేసుకుని వచ్చి పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని ఆ పొద్దుటే ఎవరో ఫోన్‌లో వీడియో పంపారు. దాన్ని ఆమె నాలుగుసార్లు చూసింది.

ముసలాయన వీధి దాటాడు. సంచి దించి, గీత ముందుకు వంగి ఏదో అడిగాడు. ఇంజిన్ చప్పుడులో సరోజకు "బిడ్డా" అన్న మాటొక్కటే వినిపించింది.

గుండెలు బాదుకుంటూ అరిచింది.

వీధి వీధంతా వచ్చింది. పక్కింటి జమ్ములమ్మ పాపను లాగేసుకుంది. విజయ్ చెయ్యి ముసలాయన చెవి మీద పడింది. మళ్లీ రెండో చెవి మీద. ఆ తర్వాత ఎవరెవరి చేతులో.

"జర ఇనుండ్రి" అన్నాడు ఆయన. ఆ ఒక్కమాటే పదేపదే అన్నాడు.

చెవులు రెండూ మూసుకుని కాసేపు మట్టిలో కూర్చున్నాడు. ఎవరో మెడ పట్టి లేపితే, సంచి సంగతి మరిచి తూలుకుంటూ వెళ్లిపోయాడు.

సంచి అడుగు నుంచి నూనె కారుతోంది.

"ముట్టకుండ్రి. మంత్రించిన నూనె అది. ఇప్పినోళ్లకు తగుల్తది" అంది జమ్ములమ్మ.

కట్టెతో నెట్టుకుంటూ పోయి దాన్ని స్నానాల గది వెనక్కి తోశారు. ఆ సాయంత్రం సరోజ గీతకు దిష్టి తీసింది.

ఎండాకాలం పెళ్లిళ్లు వచ్చాయి. మట్టిరోడ్ల మీద, చిందులేసే జనం వెనక, అడుగులో అడుగుగా కారు నడిచింది. వాళ్ల కాళ్లు లేపిన దుమ్మంతా బానెట్‌లోకే పోయింది. వైశాఖం దాటకముందే తెల్లటి కారు నీలి పొగ కక్కసాగింది. తిమ్మాజిపేటలో పెళ్లికొడుకును నడివీధిలో దింపేసింది. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు.

"ఇంజిన్ దుమ్ము తిన్నది" అన్నాడు పట్నం మెకానిక్. "నూనె డబ్బా ఏడున్నది, అన్నా? దుమ్ము ఆ నూనెకే అంటుకుంటుండె, లోపటికి పోకుంట."

తనకు ఈ కారు పని రాదన్నాడు. కొల్లాపూర్ బాలస్వామి మేస్త్రి దగ్గరికి పొమ్మన్నాడు. ఈ దిక్కున తిరిగిన అంబాసిడర్లన్నీ ఆయన చేతిమీదుగా పోయినవేనట. "ఇంజిన్ ఇప్పనే ఇప్పడు, అన్నా. చప్పుడు ఇని, ఏడ బీమారో చెప్తడు."

నూనె అన్న మాట సరోజ వెంట ఇంటిదాకా వచ్చింది. స్నానాల గది వెనక్కి పోయి, సంచి మూతి తన చేత్తోనే విప్పింది.

నల్ల డబ్బా. మట్టంతా కడిగి, కొత్త రంగు వేసి ఉంది. పక్కన కొత్త నూనె సీసా, పగిలి.

మర్నాడు రెండుచోట్ల ఆగి, పొగ కక్కుతూ కారు కొల్లాపూర్ చేరింది. మామిడితోట పక్కన రేకుల షెడ్డు. లోపల్నుంచి వచ్చిన మనిషిని చూసి విజయ్ తల దించుకున్నాడు. అదే మాసిన ధోతి.

ఆయన ఆమె చంకలో ఉన్న గీతను చూశాడు. రెండడుగులు వెనక్కి జరిగి, చేతులు వీపు వెనక కట్టుకున్నాడు.

తర్వాత ఆమె చేతిలోని డబ్బాను చూశాడు.

"పాత సామాన్ల దుకాణంల కనవడ్డది. ఏ ఇంటిదో అడిగిన. ఇది లేకుంటె ఇంజిన్ ఖరాబైతదని తెచ్చిన" అన్నాడు. పొలం అవతలి మనిషితో మాట్లాడినంత గట్టిగా అన్నాడు.

విజయ్ వచ్చి ఆయన కాళ్ల మీద పడబోతే వద్దని, సీట్లో కూర్చోమని సైగ చేశాడు. బానెట్ ఎత్తించాడు. విజయ్ తాళం తిప్పాడు. ఇంజిన్ దగ్గి, దగ్గి, రేకులు అదిరేలా మోగింది. గీత చెవులు మూసుకుంది.

బాలస్వామి మేస్త్రి కళ్లు మూసుకుని తల ఒక పక్కకు వంచాడు. కాసేపాగి రెండో పక్కకు వంచాడు.

"ఇగ స్టార్ట్ చెయ్యి, బిడ్డా" అన్నాడు, మోగుతున్న ఇంజిన్ పక్కన నిలబడి.