ఎరుపు చుట్టూ గీత

"మా తోటికోడలు కావాలనే పెట్టింది డాక్టరుగారూ, ఆ విరిగిన బకెట్టు నా దారిలో," అంది పెద్దకోడలు, వాచిన కాలు బల్ల మీద చాపుకుని.

పక్కనే నిలబడ్డ చిన్నకోడలికి ఒళ్ళు మండిపోయింది. బకెట్టు పెట్టింది ఆవిడ మొగుడే. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. నోరు విప్పినవాళ్ళు ఒక్కరూ లేరు.

డాక్టరు ఆ గొడవ పట్టించుకోలేదు. ఎర్రగా నిగనిగలాడుతున్న పిక్క మీద చెయ్యి వేశాడు. కాలిపోతోంది. "గీరుకున్న చోటు నుంచి క్రిములు చర్మం లోపలికి దిగాయి," అంటూ ఎరుపు చుట్టూ పెన్నుతో గీత గీశాడు. "మాత్రలు వేళ తప్పకూడదు. కాలు ఎత్తులో పెట్టుకోండి. ఎరుపు ఈ గీత దాటిందా, వెంటనే తీసుకురండి. ఆసుపత్రిలో చేర్చి నరానికి ఇంజెక్షన్లు ఇవ్వాలి."

ఇంజెక్షన్ల మాట వినగానే పెద్దకోడలి మొహం పాలిపోయింది. చిన్నకోడలు అది చూసి మనసులో పెట్టుకుంది.

ఇంట్లో సేవలు ఎవరి నెత్తిన పడతాయి? ఆమె నెత్తినే. వేళకి మాత్రా మంచినీళ్ళూ అందించింది. అందించినప్పుడల్లా ఒక దెప్పు తిన్నది. మర్నాడు మధ్యాహ్నం తోటికోడలు గుర్రు పెడుతుంటే, స్పిరిట్ దూదితో ఆ గీత తుడిచేసి, రెండు వేళ్ళ వెడల్పు లోపలికి కొత్త గీత గీసింది. ఎరుపు పాత గీతకి ఇటుందో అటుందో చూసే ఓపిక కూడా లేదు. ప్రాణం హాయిగా ఉంది. పడనీ సూదులు.

"అక్కా, లే. గీత దాటేసింది."

పెద్దకోడలు ఘొల్లుమంది. సాయంత్రానికల్లా ఆసుపత్రి మంచం మీద ఉంది.

డాక్టరు జ్వరం చూశాడు. కాలు పక్కకి తిప్పి చూశాడు. మొహం మారిపోయింది.

"గీత సంగతి అలా ఉంచండి. మోకాలి వెనక నుంచి తొడకి ఎక్కింది. ఇంకొక్క పూట ఆగితే రక్తంలో కలిసేది. ఈవిడ కనిపెట్టబట్టి బతికారు."

చిన్నకోడలు కసి తీర్చుకోబోయి ప్రాణం పోసింది. ఇంతకంటే దరిద్రం ఉంటుందా?

"అయినా మాత్రలు పడుతుంటే ఇంతలా పాకకూడదే," అన్నాడు డాక్టరు. "సరిగ్గా వేసుకున్నారా?"

పెద్దకోడలు తోటికోడలి వైపు ఓరగా చూసి గొంతు తగ్గించింది.

"దాని చేతి మాత్ర నేనెలా మింగుతానండీ? ఏం కలిపిందోనని అన్నీ కిటికీలోంచి పారేశాను."