తోక చీలిన పురుగు

గెడ్డ ఒడ్డున ఒక పట్నం మనిషి గొంతుక్కూర్చుని, టీ వడపోసే జల్లెడతో ఇసుక జల్లిస్తోంది.

బిందెతో వచ్చిన నిర్మల ఆగింది. ఆ మనిషి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డది తన మొగుడు సుక్రు.

"ఏటి సేత్తన్నావు ఇక్కడ? మిరియాలు కొయ్యడానికి ఎల్లలేదా?"

"మేడమ్ గెడ్డ సూపించమన్నారు."

"గెడ్డ కనపడతానే ఉంది గదా."

ఆ మనిషి తలెత్తి నవ్వింది. నలభై దాటుంటాయి. పేరు మాధవి అంది. ఉండేది విశాఖ అంది. చదువుకున్నది పురుగుల గురించి అంది.

నిర్మల నవ్వలేదు. ఇసుకలో తను తవ్వుకున్న చెలమలోంచి నీళ్లు తోడుకుని వెళ్లిపోయింది.

ఎండాకాలం ఊరంతా తాగేది ఆ చెలమల నీళ్లే. పైన గెడ్డ ఎండినా ఇసుక అడుగున ఊట ఉంటుంది. ఆ ఇసుక తవ్వి లారీల్లో పట్టుకుపోతారని మాట పుట్టి చాన్నాళ్లయింది. ఎవరో వచ్చి కొలిచి, ఎర్రజెండాలు కూడా పాతి వెళ్లారు.

అది ఊరందరి భయం. ఆ రోజునుంచి నిర్మలకి సొంత భయం ఇంకోటి తోడయింది.

మర్నాడూ సుక్రు గెడ్డకే వెళ్లాడు. ఆ మర్నాడూ అంతే.

"ఓలె నిర్మలా," అంది పక్కింటి యర్రమ్మ, "నీ మొగుడు ఇసకలో ఏటి పారేసుకున్నాడే? ఇద్దరూ తలకాయలు ఆనించుకుని మరీ ఎతుకుతన్నారు!"

కట్టెల వంకన నిర్మల వెళ్లి చూసింది. నిజమే. ఒకే భూతద్దం మీద రెండు తలలు.

సాయంత్రం చోడంబలి తాగుతూ సుక్రు తనంతట తనే మాట్లాడాడు. పెళ్లయ్యాక అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడ్డం అదే మొదలు.

"నూకంత పురుగు. ఏడు జతల కాళ్లు. మన నీళ్లకుండ కింద తడిలో బూడిదరంగుది తిరుగుద్ది సూడు, అచ్చం అలాగే ఉంటాది. అద్దం ఎట్టి సూస్తేగాని తేడా తెలీదు. కుండ కింద దానికి రెండు నల్లకళ్లు. దీనికి కళ్లే లేవు. దాని తోక సూదిగా ఉంటాది. దీనిది సేపతోకలాగ మద్దెకి సీలి ఉంటాది. ఇసకడుగునే పుడతాది, అక్కడే పోతాది. ఇంకెక్కడా దొరకలేదంట."

"పురుగు కాళ్లు లెక్కెట్టినోడివి. నా కాళ్లకి పట్టీలున్నాయా లేవా, సూడకుండా సెప్పు."

సుక్రు గిన్నెలోకి చూశాడు.

"ఉన్నాయి."

"ఒకటి జారిపోయి ఏడాదయింది. రెండోది నేనే తీసి దాసేను."

సుక్రు అప్పుడు ఆమె కాళ్లవైపు చూశాడు.

"పొద్దంతా పురుగు మాటలేనా మీకు?"

"ఇంకో మాటుంది. ఇంట్లో కూడా సెప్పొద్దన్నారు."

నిర్మల గిన్నె కింద పెట్టేసింది. ఆ పూట మరి తాగలేదు.

విశాఖ తిరిగెళ్లే ముందురోజు సాయంత్రం మాధవి నిర్మల ఇంటికే వచ్చింది. చేతిలో సీసా. సీసాలో తడి ఇసుక, ఇసుకలో పురుగులు.

"నిర్మలా, నేను దిగిన గది రేకులది. వేడికి ఇవి చచ్చిపోతాయి. మీ నీళ్లకుండ పక్కన ఉంచుతావా? పొద్దున్నే పట్టుకెళ్తాను. బతికుండాలి. చస్తే రంగు పోతుంది."

"ఉంచుతాను."

"మీ ఆయన కళ్లు భలే చురుకు. ఆయన లేకపోతే ఇవి నాకు దొరికేవే కావు."

"అవును," అంది నిర్మల. "పైవోళ్లయితే ఆయనకి బాగా కనపడతారు."

గెడ్డలోంచి తెచ్చింది ఏదైనా వండుకుంటే సరే, వండుకోనిది పొద్దు పొడవకముందే గెడ్డకి తిరిగిచ్చెయ్యాలి. అది వాళ్ల ఊరి కట్టుబాటు. పీతైనా, గులకరాయైనా అంతే.

తెల్లారగట్ల నిర్మల సీసా గెడ్డలో వంపేసింది.

"తల్లీ, నీది నీకే," అని దండం పెట్టింది.

అక్కడితో ఆగితే కట్టుబాటే. కానీ ఇంటికొచ్చి నీళ్లకుండ ఎత్తి, దాని కిందున్న బూడిదరంగు వాటిని చీపురుపుల్లతో, మళ్లీ తడి ఇసుక పోసిన సీసాలోకి తోసింది.

'ఇప్పుడు సూసుకోండి, ఇద్దరూ కలిసి' అనుకుంది.

మాధవి ఆటో దిగలేదు. మధ్యాహ్నంలోపు విశాఖ చేరాలంది. సీసా వెలుతురుకి ఎత్తి చూసింది. కదులుతున్నాయి. నిర్మల చెయ్యి పట్టుకుని, "నిన్ను మర్చిపోను," అంది.

ఆటో మలుపు తిరిగినా సుక్రు అటే చూస్తున్నాడు. నిర్మల అతన్నే చూస్తోంది. కడుపులో మంట కొంచెం చల్లారింది.

వారం తిరక్కుండా గెడ్డలోకి పొక్లెయిన్లు దిగాయి.

ఊరంతా ఒడ్డున నిలబడింది. అరిచారు, అడ్డం వెళ్లారు. కాగితాలున్నాయన్నారు పొక్లెయిన్ల వాళ్లు. ముందు పోయినవి చెలమలే.

సుక్రు ఫోను జేబులో పెట్టుకుని వచ్చి నిర్మల పక్కన చతికిలబడ్డాడు.

"మేడమ్ సేశారు. పెద్ద ఆపీసర్ల ముందు అద్దం కింద ఎట్టి సూశారంట. ఇయి ఇంటింటా ఉండేయే గదా అని నవ్వీసారంట. ఆ పురుగు ఇక్కడుందని తేలితే ఇసక ముట్టనిచ్చేవోళ్లు కాదంట."

నిర్మల తన చెలమ ఉన్న చోటు వైపు చూసింది.

"'నాదే తప్పు సుక్రూ, సరిగ్గా సూసుకోలేదు' అని ఒకటే ఇదైపోతన్నారు."

"మళ్లీ రమ్మను," అంది నిర్మల. ఇంకోసారి అంది. "బేగి రమ్మను. ఈసారి నేనే ఏరి ఇస్తాను. తోక సీలినయే ఇస్తాను."

"రానివ్వడు."

"ఎవుడు?"

సుక్రు గెడ్డలోకి చెయ్యి చూపించాడు.

"ఆ మిసన్లు గలాయన. ఇంట్లో సెప్పొద్దన్న మాట అదే. ఆయన మేడమ్ మొగుడు."