అడుగంటని పీపా

ద్రాక్షసారా పీపా మళ్ళీ నిండి ఉంది.

యాకుమిస్ దాని పొట్ట మీద వేళ్ళతో తట్టి చూశాడు. బోలు మోత లేదు. భార్య అర్గిరో పోయాక ఆయన ఒక్క ద్రాక్షగుత్తి తొక్కలేదు. రోజూ సాయంత్రం నేలమాళిగలోకి దిగి, పీపాకి ఆనుకుని కూచుని, ఊరి కబుర్లన్నీ ఆమెకు చెప్పుకోవడం తప్ప చేసిందేమీ లేదు. ఊరు తాగుతూనే ఉంది. పీపా నిండుతూనే ఉంది.

ఇది మనుషుల పని కాదని ఆయనకు గట్టి నమ్మకం. నక్సోస్ దీవిలో పాత దేవుళ్ళు చచ్చిపోలేదనీ, కొలిచేవాళ్ళు లేక మామూలు జనంలో కలిసిపోయి ఏదో ఒక పని చేసుకు బతుకుతున్నారనీ అర్గిరో అంటూ ఉండేది. క్రీట్ నుంచి ఎవడినో నమ్మి వచ్చిన పిల్ల ఆమె. వాడు రేవులో నిద్రపోతున్న దాన్ని వదిలేసి ఓడెక్కితే, ఏడుస్తూ కూచున్న ఆమెను యాకుమిసే ఇంటికి తెచ్చుకున్నాడు. ఆనాటి నుంచి ఆమె మాట ఎన్నడూ కాదనలేదు. పాత దేవుడెవడో తన సారా కొట్టుకే వచ్చి తాగి, ఎవరూ చూడకుండా పీపా నింపి పోతున్నాడు.

అదే ఆయనకు ముల్లై గుచ్చుకుంది. నింపేది ఒకడు, ఊరి మెప్పు పొందేది తాను. ఆ మహానుభావుడెవరో ఇవాళ తేలకపోతే కొట్టుకు తాళం పెట్టి, రేపటి ఓడలో పిరేయస్ వెళ్ళి మరదలి ఇంట్లో ఉండిపోతానని పొద్దున్నే అందరికీ చాటాడు.

ఇవాళ తాగుబోతుల సెయింట్ జార్జి పండుగ. కొత్త ద్రాక్షసారాను చర్చి ఫాదరు దీవించి, ఊరు రుచి చూసే రోజు. జనమంతా చర్చి ముంగిట పంది మాంసం కాలుస్తున్నారు. కొట్టులోకి మాత్రం ముగ్గురే వచ్చారు. ఫాదరు స్టెలియోస్, కసాయి నికిఫోరోస్, తొంభై దాటిన ఫ్రోసో అవ్వ. యాకుమిస్ అనుమానమూ ఈ ముగ్గురి మీదే. ఒక్క పూట కూడా మానకుండా వచ్చేది వీళ్ళే.

పరీక్షలు కూడా పెట్టి చూశాడు. దేవుళ్ళకు కోపం ముక్కు మీద ఉంటుందని విని ఫాదరు కాఫీలో ఉప్పు కలిపాడు. ఆయన చివరి చుక్క దాకా తాగి, చాలా బాగుందని మెచ్చుకుని వెళ్ళాడు. నికిఫోరోస్ కాళ్ళ మధ్యకి ఎలుకను వదిలితే అంత మనిషీ బల్లెక్కి కూచున్నాడు. ఇక అవ్వను పరీక్షించడానికి ధైర్యం చాల్లేదు. ఆమె యాకుమిస్‌ని 'మావయ్యా' అని పిలుస్తుంది. ముసలిదాని వేళాకోళం అనుకుని ఆయన సర్దుకుపోతాడు.

యాకుమిస్ తాళాల గుత్తి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఎవరో చెప్పండి. కొట్టు వాళ్ళదే."

ముగ్గురూ గ్లాసుల్లోకి చూసుకున్నారు.

"ఒక్కడే దేవుడని ఆదివారం ఆదివారం చెప్పేవాణ్ణి, నన్నా బాబాయ్ అడుగుతావు?" అన్నాడు ఫాదరు.

"సరే. రేపు ఓడ పొద్దున్నే ఉంది."

బల్ల కింద అవ్వ చేతికర్ర నికిఫోరోస్ కాలిని పొడిచింది. ఒకసారి కాదు. నికిఫోరోస్ దగ్గి, లేచి నిలబడి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"నేనే బాబాయ్."

యాకుమిస్ అతన్ని కింది నుంచి పై దాకా చూశాడు. "నువ్వా? ఎలుకను చూసి బల్లెక్కావు కదరా."

"వేషం అన్నాక ఆ మాత్రం ఉండాలి కదా. ఎలుకను చూసి నవ్వుంటే అప్పుడే పట్టేసుండేవాడివి."

ఆ జవాబు యాకుమిస్‌కి సబబుగానే తోచింది. తాళాలు అటు తోశాడు. నికిఫోరోస్ వాటిని వేడి పెనంలా వెనక్కి నెట్టాడు. దేవుడే కొట్టులో కూచుంటే భయంతో ఒక్కడూ రెండో గ్లాసు అడగడనీ, నింపడం వరకే తన పననీ, పొయ్యడం బాబాయి చేతుల మీదుగానే జరగాలనీ, అర్గిరో పిన్ని అలాగే కోరిందనీ చెప్పాడు. అంతా ఒక్క ఊపిరిలో, అప్పజెప్పినట్టు చెప్పాడు.

యాకుమిస్ కుర్చీలో కూలబడ్డాడు.

"మరి తనెలా ఉంది? నీకు తెలుస్తుంది కదా."

దీనికి మాత్రం నికిఫోరోస్ సిద్ధపడి రాలేదు. ఫాదరు వైపు చూశాడు. ఫాదరు కిటికీలోంచి కొండను చూస్తున్నాడు. అవ్వ కర్ర కూడా కదల్లేదు.

"మోకాళ్ళ నొప్పి పోయింది బాబాయ్" అన్నాడు చివరికి. "మెట్లు గబగబా ఎక్కేస్తోంది. నువ్వు చెప్పే కబుర్లు వింటోందట. కొంచెం గట్టిగా చెప్పమంది."

యాకుమిస్ తల ఊపాడు. కళ్ళు తుడుచుకుని, తాళాల గుత్తి తీసి మళ్ళీ నడుముకు కట్టుకున్నాడు. పండుగ పూట దేవుడి ముందు ఖాళీ గ్లాసులేమిటని తనను తానే తిట్టుకున్నాడు. పెద్ద కూజా అందుకుని, ఈల వేసుకుంటూ నేలమాళిగ మెట్లు దిగాడు.

ఈల బాగా కిందికి వెళ్ళేదాకా ఆగి, ఫాదరు శిలువ గుర్తు వేసుకుని, "అర్గిరోకిచ్చిన మాట ఇంకో ఏడాది నిలబెట్టాం, ద్రాక్షసారా దేవుడు తానేనని గుర్తొచ్చిందంటే బాబాయి మన మధ్య ఒక్క పూటైనా ఉండడు" అన్నాడు.