మోచేతి మడతలో

"నేను రాసుకుని చూశా అత్తయ్యా, ఏమీ కాలేదు!" బెర్మెట్ చెయ్యి చాపి చూపించింది.

"నీదేముందే, గొర్రెతోలు! నా మనవడిది పువ్వు," అంది అత్తగారు.

పసివాడు ఎల్దియార్ బుగ్గలు ఎర్రగా పొక్కిపోయాయి. నీళ్ళు తగిలితే చాలు, కేరుమంటున్నాడు. ఎనిమిది రోజుల్లో వాడికి నలభయ్యో రోజు. ఆనవాయితీ ప్రకారం ఆ రోజు నలభై చెంచాల నీళ్ళతో స్నానం చేయించాలి.

బెర్మెట్ సరస్సు గట్టున ముళ్ళపొదల్లో చిచిర్‌కనక్ పండ్లు ఏరి, నూనె తీసి, గొర్రెకొవ్వులో కలిపింది. అదే ఈ పసుప్పచ్చటి లేపనం.

పిల్లాడికి పడుతుందో లేదో చెప్పేదెవరు?

"నాకు రాయి."

గుమ్మంలో ఎవరో పెద్దావిడ. పేరు అనార్‌కుల్. వీధి చివర కూతురింటికి వచ్చిందట. పిల్లాడి ఏడుపు విని ఆగిందట.

"మోచేతి మడతలో రాయమ్మా. అక్కడ చర్మం పలచన. అయిదు రోజులు చూద్దాం."

రోజూ పొద్దున్నే వచ్చేది. రాయించుకునేది. టీ తాగి, నూనెలో వేగిన బోర్సోక్ రొట్టెలు రెండు తిని వెళ్ళేది.

నాలుగో రోజు ఆడపడుచు మీరిమ్ పకపకా నవ్వింది. "లేపనం ఒక వంక వదినా! ఆవిడకి మన టీ రుచి మరిగింది."

"ష్, వింటుంది!"

"విననీ!"

విననే వింది.

అయినా అయిదో రోజు వచ్చింది. చెయ్యి చాపింది. "చూసుకో. ఎరుపు లేదు, దురద లేదు. ముందు ఒక్క బుగ్గకే రాయి. తెల్లారాక రెండోదానికి."

"కూర్చోండి ఆపా, టీ..." అంది బెర్మెట్.

రొట్టె ముక్కయినా కొరక్కుండా గడప దాటింది. ఆ ఊళ్ళో పగవాళ్ళు కూడా అలా వెళ్ళరు.

తెల్లారేసరికి రాసిన బుగ్గ చల్లబడింది. మూడో రోజుకి రెండు బుగ్గలూ నున్నగా!

నలభయ్యో చెంచా నీళ్ళు పడ్డాయి. ఎల్దియార్ బోసినోరు తెరిచి నవ్వాడు.

"ఏడవలేదు! అత్తయ్యా, ఏడవలేదు!" బెర్మెట్ గంతులేసింది.

వెచ్చటి వెన్నరొట్టెలు గుడ్డలో మూటగట్టుకుని వీధి చివరికి పరుగు తీసింది. వెనకాలే మీరిమ్, క్షమాపణ నోట్లో నానబెట్టుకుంటూ.

అనార్‌కుల్ కూతురు తలుపు తీసింది. "అమ్మ పొద్దున బస్సుకే ఊరెళ్ళిపోయిందే!"

"అయ్యో! మా లేపనం అయిదు రోజులు చేతికి రాయించుకుని చూసింది ఆవిడే..."

కూతురి మొహం పాలిపోయింది.

"మా అమ్మా? సబ్బు నురగ తగిలినా ఒళ్ళంతా బొబ్బలెక్కుతుందే ఆవిడకి... నిరుడు చేతికేదో మందు రాస్తే గొంతు వాచిపోయి, చావుదాకా వెళ్ళొచ్చింది!"