అన్నీ ఎడమ చేతులే

"ఈ చేతులు కోసింది ఎవరు?"

మాస్టారి కేకకి పన్నెండు కుట్టుమిషన్లూ ఒక్కసారిగా ఆగిపోయాయి. పదమూడోది కూడా ఆగేదే గానీ దాని మోటారుకి చెవుడు. స్విచ్చి కట్టేస్తే తప్ప వినిపించుకోదు.

కటింగ్ టేబులు మీద నీలం గుడ్డ ముక్కలు గుట్టగా పడున్నాయి. బస్సు డ్రైవర్ల చొక్కాలవి, అరవై. చొక్కాకి ఒక కుడి చెయ్యి, ఒక ఎడమ చెయ్యి కావాలి కదా. గుడ్డని పొరకి పొర ఎదురెదురుగా పరిచి కోస్తే జత వస్తుంది. ఎవరో మహానుభావులు పొరలన్నీ ఒకేవైపు తిప్పి పరిచారు. నూట ఇరవై చేతులూ ఎడమవే వచ్చి కూర్చున్నాయి.

"రెండు ఎడమ చేతుల చొక్కా ఏ డ్రైవరు తొడుక్కుంటాడు? సోమవారం సరుకివ్వాలి! గుడ్డ అంగుళం కూడా మిగల్లేదు! ఎవరని అడుగుతున్నా!"

కాజాలు కుట్టేవాడు దారం ఎక్కిన సూదికే మళ్లీ దారం ఎక్కించడం మొదలుపెట్టాడు. ఇస్త్రీ తాత గొంతు సవరించుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోపే పెద్దక్క లేచి నిలబడింది.

"నేనే మాస్టారూ."

పెద్దక్క అంటే ఆ షాపులో మాస్టారి తర్వాత మాస్టారు. మనిషిని ఇలా చూసి అలా భుజం కొలత చెప్పేస్తుంది. ఆవిడ కత్తెర పడ్డ గుడ్డ ఇంతవరకూ వెనక్కి వచ్చింది లేదు. ఆ సంగతి మాస్టారికీ తెలుసు. కానీ ఆయన తల ఆయన దగ్గరుంటేగా! పొద్దున్నే షాపు తలుపు తీసేదీ ఆయనే, కుట్టిన ప్రతి గుండీ లాగి చూసేదీ ఆయనే. మొన్న నిద్రలో "ఛాతీ ముప్పై ఎనిమిది, పొడవు ఇరవై తొమ్మిది" అని కలవరిస్తుంటే ఇంటావిడ తట్టి లేపి, "ఎవరిదండీ ఆ కొలత?" అని నిలదీసింది. దానికి కూడా నవ్వలేదాయన.

"కళ్లు నెత్తికెక్కాయా పెద్దక్కా?"

"తప్పయిపోయింది."

"తప్పు కాదిది, పొగరు! నువ్వు లేకపోతే షాపు నడవదనుకుంటున్నావు. రేపట్నించి రావద్దు. వెళ్లు!"

పెద్దక్క మెడలో టేపు తీసి, చుట్ట చుట్టి, టేబులు మీద పెట్టింది. చెప్పులు తొడుక్కుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. ఇస్త్రీ తాత పెట్టెని పక్కకి నిలబెట్టి దగ్గరికొచ్చాడు.

"అబ్బాయ్, ఒక మాట చెప్తా. మీద పడి కరవనంటేనే."

"చెప్పు తాతా."

"ఆ గుడ్డ పరిచింది నువ్వే. నిన్న మధ్యాహ్నం. కోసిందీ నువ్వే."

"నేనా!"

"నువ్వే నాయనా. కళ్లు తెరుచుకునే నిద్రపోతున్నావు. పోయిన నెల కాలర్లు తలకిందులుగా వేసిందెవరనుకున్నావ్? జేబులు వీపు మీద పెట్టిందెవరు? చెబితే విరుచుకుపడతావని వంతులేసుకున్నాం."

"దేనికి వంతులు?"

"నీ తిట్లు తినడానికి. సోమవారం కాజాలవాడు, మంగళవారం అంచులు కుట్టే ఓవర్‌లాక్ చెల్లి, అలాగన్నమాట. ఇవాళ నిజానికి నా వంతు. పొద్దున్నే పెద్దక్క వచ్చి, 'తాతా, ఇవాళ నీ వంతు నాకిచ్చెయ్' అని బతిమాలింది. ఈ వయసులో నాకెందుకు తిట్లనుకుందేమో, పిచ్చితల్లి."

మాస్టారు తన చేతుల వంక చూసుకున్నారు. నిన్న మధ్యాహ్నం ఏం చేశారో ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు.

"తాతా, లీవడిగిన వాళ్లకి నేనేం చెప్పేవాణ్ణి?"

"'ఏడాదిగా నేను పెట్టానా?' అనేవాడివి. చెల్లికి జ్వరమొచ్చి వణుకుతుంటే కూడా అదే అన్నావు."

ఆయన షాపు తాళాలు తీసుకుని బయటపడ్డారు. రెండు వీధులు దాటి, మూడంతస్తులు ఎక్కి, రొప్పుతూ పెద్దక్క తలుపు కొట్టారు. చాలాసేపటికి తీసింది. జుట్టు రేగిపోయి ఉంది. చెంప మీద దిండు ముడత.

"పడుకున్నావా?"

"అవును మాస్టారూ. మధ్యాహ్నం నిద్ర ఎలా ఉంటుందో మర్చిపోయాను."

"తాత అంతా చెప్పాడు పెద్దక్కా. నేను చేసిన తప్పు నీ నెత్తినేసుకున్నావు. నేనేమో అందరి ముందూ నిన్ను..." ఆయన జేబులోంచి షాపు తాళాలు తీశారు. "నెల రోజులు ఇంట్లో పడుంటాను. షాపు నువ్వు చూసుకో. ఇక ఎవరు లీవడిగినా ఇస్తాను, ఒట్టు. ఇవిగో తాళాలు."

పెద్దక్క చేతులు వెనక్కి పెట్టుకుంది.

"మీరు పడుకోండి మాస్టారూ, మంచిదే. నేను మాత్రం రాను."

"ఇంకా కోపమేనా?"

"కోపం కాదు." ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా వల్ల కావడం లేదు, మానేస్తానని చెప్పడానికి రెండుసార్లు మీ దగ్గరికొచ్చాను. మీ మొహం చూస్తే నోరు రాలేదు."

"మరి ఈ నింద నెత్తినేసుకోవడం దేనికి?"

ఆవిడ తలుపు రెక్క పట్టుకుని, తల దించుకుని చెప్పింది.

"నిన్న మీరు గుడ్డ తప్పుగా పరుస్తుంటే ఎదురుగా నిలబడి చూస్తూనే ఉన్నాను మాస్టారూ, ఆపలేదు... మీరు నన్ను తీసేసేంత పెద్ద తప్పు ఎప్పుడు చేస్తారా అని నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్నాను."