ఏడో మేకు

"ఈ తాళంచెవి ఎవరిది?"

అత్తగారి గొంతు వినగానే వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది.

వీధి తలుపు పక్కన గోడకు ఒక చెక్క పలక, దానికి ఏడు మేకులు. ఇంట్లో మనుషులు ఆరుగురు. బయటినుంచి వచ్చినవాళ్ళు ఎవరి తాళంచెవి వాళ్ళ మేకుకు తగిలించాలి. సాయంత్రం ఆరు చెవులూ కనబడితేగాని అత్తగారికి ముద్ద దిగదు. ఏడోది పెళ్ళయి వెళ్ళిపోయిన కూతురి మేకు. ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్నా ఆవిడ దాన్ని పీకనివ్వలేదు. ఈ ఆదివారం మధ్యాహ్నం దానికి కొత్త చెవి ఒకటి తళతళలాడుతూ వేలాడుతోంది.

ఆవిడ దాన్ని తెచ్చి భోజనాల బల్ల మధ్యన పెట్టింది. అందరూ వచ్చి కూర్చున్నారు. ఆవిడ మాత్రం చిన్నకోడలి మొహం వంకే చూస్తోంది. నాలుగు రోజుల క్రితం ఆ అమ్మాయి నీలం రంగు బకెట్టు కొనుక్కొచ్చి మంచం కిందికి తోసెయ్యడం ఆవిడ కంట పడింది. ఉన్న ఒక్క స్నానాలగదిలో మూడు బకెట్లు ఒకదాన్నొకటి తన్నుకుంటుంటే నాలుగోది ఎందుకు? ఆనాటినుంచి ఆవిడ కంటిమీద కునుకు లేదు.

"ఎవరిదో చెబితే వడ్డిస్తాను. వేరుపడాలనుకునేవాళ్ళు నా మొహం మీద చెప్పే వెళ్ళండి."

చిన్నకోడలు నోరు మెదపలేదు. మెదిపింది పెద్దకోడలు. బళ్ళో పిల్లల్ని గదమాయించే అలవాటు కొద్దీ మొగుడి మీద విరుచుకుపడింది.

"జాగ్రత్తగా దాచండని చిలక్కి చెప్పినట్టు చెప్పానా? తెచ్చి గోడకు తగిలిస్తారా?"

"నాది కాదే బాబూ. నాది ఆఫీసు బ్యాగులోనే ఉంది," అని, పెద్దకొడుకు నాలుక కరుచుకున్నాడు.

అత్తగారికి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. దెబ్బ ఈ వైపునుంచి వస్తుందని ఆవిడ అనుకోలేదు.

"పెద్దోడా... నువ్వా?"

"రెండే గదులమ్మా. దీని బడికి నడిచి వెళ్ళేంత దూరం. నెలాఖరుకు నీకు చెబుదామనే..."

"అదేంటన్నయ్యా," అన్నాడు చిన్నకొడుకు. "మొన్న నన్ను మేడమీదికి తీసుకెళ్ళి, కలిసుంటే కలదు సుఖమని గంటసేపు చెప్పావు."

"నువ్వు వెళ్ళిపోతావేమోనని చెప్పానురా. ఇద్దరం వెళ్ళిపోతే అమ్మానాన్నల్ని ఎవరు చూస్తారు?"

చిన్నకోడలు మొగుడివైపు వంగి గుసగుసగా అడిగింది. "మరి మనది ఎక్కడ పెట్టారు?"

"స్కూటరు డిక్కీలో."

ఆ హాల్లో గుసగుసలు దాగవు. అత్తగారు కుర్చీ వెతుక్కుని కూలబడింది.

"చూశారా," అంది పెద్దకోడలు. "ఆ నీలం బకెట్టు చూసినప్పుడే అనుకున్నాను."

"మీరు కొన్న కొత్త పరుపు సంగతి నేనెవరితోనన్నా అన్నానా అక్కా? ఇంకా నయం, మీరుంటారు కదా అనే ధైర్యంతో మేం అడ్వాన్సు ఇచ్చాం."

"మేమూ ఆ ధైర్యంతోనే ఇచ్చాం."

అత్తగారు మొగుడివైపు తిరిగింది.

"ఏమండీ, ఇల్లు ముక్కలైపోతుంటే ఆ పేపరు ఏమిటి? మీరైనా ఒక మాట చెప్పండి."

మామగారు పేపరు మడిచారు. ఆయన చేతిలో ఉన్నది ఆటల పేజీ ఒక్కటే. మిగతా పేజీలు తలా ఒక గదిలో ఉన్నాయి. ఆయన కళ్ళజోడు పెట్టె తెరిచి, అందులోంచి ఒక తాళంచెవి తీసి బల్లమీద పెట్టారు.

"ఎలాగూ అందరూ చెప్పేస్తున్నారు గనక," అన్నారు. "వెనక వీధిలో మేడమీద ఒక గది. పగటిపూటకే. చచ్చేలోగా ఒక్కసారన్నా పేపరు మొదటి పేజీనుంచి చివరిదాకా వరసగా చదవాలని ఉందే."

"అయితే రోజూ నడకకని వెళ్ళేది?"

"నడిచే వెళుతున్నాను."

పెద్దకొడుకు బ్యాగు తెచ్చాడు. చిన్నకొడుకు బయట స్కూటరు దగ్గరికి వెళ్ళి వచ్చాడు. బల్లమీద మూడు చెవులు వరసగా చేరాయి. వాటి ముందు ఆ కొత్త చెవి.

"మరి ఇది ఎవరిది?" అన్నాడు పెద్దకొడుకు. 

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాది కాదంటే నాది కాదన్నారు. ఈసారి అందరూ నిజమే చెబుతున్నట్టున్నారు.

"ఇంక వెళ్ళడానికి ఎవరు మిగిలారే?" అన్నారు మామగారు.

అత్తగారు ఆ చెవిని గుప్పిట్లోకి తీసుకుని లేచింది.

"కూర చల్లారిపోతోంది, వడ్డించుకోండి."

గదిలోకి వెళ్ళి తలుపు గడియ వేసింది. చిన్నకోడలి గుట్టు బయటపెట్టించాలని మొన్న తనే కొన్న తాళంకప్పను దిండు కిందనుంచి తీసి, ఆ చెవిని మళ్ళీ దాని అట్టపెట్టెలో పెట్టేసింది.